సూది గుచ్చుకుంటే దాచొద్దు, రాయించండి



కావలి నుంచి తడ దాకా మన తీరం పొడుగునా ఉన్న గిరిజన కాలనీల్లో ఒకసారి లెక్క తీయండి. ఆసుపత్రి పనికి పోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. ఒక అక్క వార్డులు ఊడుస్తుంది. ఒక తమ్ముడు స్ట్రెచర్ తోస్తాడు. ఒక చెల్లెలు జీఎన్ఎం చదువుతూ రాత్రి డ్యూటీలు చేస్తుంది. ఒక పిన్నమ్మ ఆశా వర్కర్. ఇంకా ఆసుపత్రి గోడ వెనక ప్లాస్టిక్ ఏరుకుని పాత సామాన్ల కొట్టుకు వేసే మనోళ్లు ఉన్నారు. వాళ్ల పేరు ఏ జీతాల పట్టీలోనూ ఉండదు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్న ప్రమాదం ఒకటుంది. వాడి పారేసిన సూది.

డాక్టర్లు దీన్ని నీడిల్ స్టిక్ ఇంజురీ అంటారు. మనం సూదిపోటు అందాం. సూది ఒక్కటే కాదు. ఆపరేషన్ బ్లేడు, వేలికి గుచ్చి రక్తం తీసే ల్యాన్సెట్, పగిలిన మందు సీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. కంప ముల్లు దిగినా పీకి పారేసి నడిచే కాళ్లు మనవి. అందుకే సూది గుచ్చుకున్నా "ఏముందిలే, చీమ కుట్టినట్టు ఉండాది" అని తుడుచుకుని పోతాం. ముల్లుకు లేనిది ఈ సూదికి ఉంది. దాని లోపల ఇంకొకరి రక్తం ఉంటుంది.

సూదిపోటు గుచ్చుకున్న చేతి తప్పు కాదు. ఆ సూదిని అక్కడికి చేర్చిన పద్ధతి తప్పు. ఆ పద్ధతి మారాలంటే ప్రతి పోటూ కాగితం మీదకు రావాలి. ఈ వ్యాసమంతా ఈ మాట కోసమే.

ముందు ప్రమాదం ఎంతో తెలుసుకుందాం. సూదిలోని రక్తం హెచ్ఐవీ ఉన్నవాళ్లదైతే, అలాంటి పోటు పడిన 1000 మందిలో సుమారు 3 మందికి అది సోకుతుంది. హెపటైటిస్-సి అయితే 100 మందిలో 2 మంది కంటే తక్కువ. హెపటైటిస్-బి అయితే, టీకా వేసుకోని 100 మందిలో 6 నుంచి 30 మంది దాకా సోకవచ్చు. చూశారా? మనం భయపడేది హెచ్ఐవీకి. ఎక్కువగా అంటుకునేది హెపటైటిస్-బి. అది ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కాలేయాన్ని తినేసే ఈ జబ్బుకే మంచి టీకా ఉంది. మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తి. ఉన్న ఆయుధాన్ని మన చేతికి ఇవ్వకపోవడమే ఇక్కడ అసలు అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదిక లెక్క ప్రకారం, ప్రపంచంలోని 3.5 కోట్ల మంది ఆరోగ్య సిబ్బందిలో ఏటా 30 లక్షల మందికి ఇట్లా రక్తంతో వచ్చే రోగాల పోటు పడుతుంది. మన దేశం సంగతి చూడాలంటే ఢిల్లీలో 428 మంది ఆసుపత్రి సిబ్బంది మీద చేసిన అధ్యయనం ఒకటుంది. 2010లో అచ్చయింది. అందులో 80 శాతం మంది తమకు ఎప్పుడో ఒకప్పుడు సూది గుచ్చుకుందని చెప్పారు. గుచ్చుకున్న తర్వాత వేసుకోవాల్సిన మందు తమ ఆసుపత్రిలోనే దొరుకుతుందని తెలిసినవాళ్లు 40 శాతమే. దేశ రాజధానిలో పెద్ద ఆసుపత్రుల సంగతే ఇదైతే, సముద్రం ఒడ్డున ఉన్న మన మండలాల్లో ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి.

మరి సూది ఎందుకు గుచ్చుకుంటుంది? "జాగ్రత్త లేక" అని సూపర్వైజర్లు అంటారు. ఒక్కొక్క కారణం తీసి చూద్దాం.

మొదటిది మూత. ఇంజక్షన్ చేసిన తర్వాత రెండు చేతులతో సూదికి మళ్లీ మూత పెట్టబోతే అది వేలిలోకి దిగుతుంది. పెట్టొద్దని నర్సింగ్ పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంటుంది. అయినా ఢిల్లీ అధ్యయనంలో 66 శాతం మంది మూత పెడుతున్నామని చెప్పారు. వాళ్లకు తెలియక కాదు. సూది పడేసే డబ్బా మంచం దగ్గర ఉండదు, నర్సుల గదిలో ఉంటుంది. సూదిని అంత దూరం తెరిచి పట్టుకుని పోవడం ఇంకా ప్రమాదమని మూత పెడతారు. డబ్బాను చేతికందే చోట పెడితే ఈ అలవాటు సగం పోతుంది.

రెండోది ఆ డబ్బానే. సూదుల కోసం తెల్లటి, లోపల ఎంత నిండిందో కనిపించే, సూది పొడుచుకుని బయటికి రాని గట్టి డబ్బా ఉండాలి. మూడు వంతులు నిండగానే మూసేయాలి. ఆ డబ్బా లేకపోతే కోసిన మంచినీళ్ల సీసాలో వేస్తారు, అట్టపెట్టెలో వేస్తారు. నిండిన డబ్బాలో ఇంకో సూది కుక్కితే, పైన ఉన్నది చేతిలోకే వస్తుంది.

మూడోది సూది రకం. కుట్లు వేసే సూది గట్టిది, లోపల బోలు ఉండదు. రక్తం తీసే సూది, క్యాన్యులా సూది బోలుగా ఉంటాయి, లోపల రక్తం నిలిచి ఉంటుంది. నరంలోంచి అప్పుడే తీసిన సూది అయినా, పోటు లోతుగా దిగినా, సూది మీద రక్తం కనిపిస్తున్నా ప్రమాదం ఎక్కువ.

నాలుగోది అలసట. రాత్రి డ్యూటీ, దాని వెనకే పగటి డ్యూటీ, ఒక్క నర్సు మీద వార్డు నిండా రోగులు. కొత్తగా చేరినవాళ్లకు, శిక్షణలో ఉన్న విద్యార్థులకు ఇంకా ఎక్కువగా గుచ్చుకుంటుంది. ఖాళీ పోస్టులు నింపకుండా జాగ్రత్త పాఠాలు చెబితే ఎట్లా?

అయిదోది రక్షణ. పలచని రబ్బరు గ్లౌజు సూదిని ఆపదు. లోపలికి పోయే రక్తాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. చెత్త మోసేవాళ్లకు కావాల్సింది మందపాటి గ్లౌజులు, కాలు మొత్తం మూసే బూట్లు. మనోళ్లకు ఇస్తున్నదేమో డాక్టర్లు వాడే పలచని గ్లౌజులు. కాళ్లకు సొంత హవాయి చెప్పులు.

ఆరోది, దీనికి కొంత మనం కూడా బాధ్యులం, అవసరం లేని సూదులు. మన ఊళ్లల్లో జ్వరమొస్తే "సూది వేస్తేనే తగ్గుద్ది" అని నమ్మకం. ఆర్ఎంపీ డాక్టరు మాత్ర ఇస్తే తృప్తి ఉండదు. 2000ల మొదట్లో దేశమంతా చేసిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 300 కోట్ల ఇంజక్షన్లు వేస్తున్నారు. అందులో 60 శాతానికి పైగా సురక్షితంగా వేసినవి కావు. మాత్రతో పోయే జ్వరానికి వేసిన ప్రతి సూదీ తర్వాత ఎక్కడో ఒక చోట చెత్తలో పడుతుంది. దాన్ని ఎత్తే చెయ్యి ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. పైన చెప్పిన వాటిలో చాలావరకు సూదిని వాడే చేతి సంగతులు. ఊడ్చే అక్క సూది వాడదు. ఆమె మూత పెట్టదు, నరం వెతకదు. ఎవరో పరుపు మీద మరిచిపోయిన సూది దుప్పటి మడతలో ఉంటుంది. నల్ల కవరులో అన్నం పొట్లాల మధ్య ఉంటుంది. కవరు ముడి బిగిస్తుంటే అరచేతిలోకి, మోస్తుంటే తొడలోకి దిగుతుంది. ఆమె ఎంత జాగ్రత్తగా ఉన్నా కవరు లోపలికి చూడలేదు కదా.

ఇంకో తేడా ఉంది. నర్సుకు గుచ్చుకుంటే ఆ రక్తం ఏ మంచం మీది రోగిదో తెలుస్తుంది. ఆ రోగికి పరీక్ష చేసి ఏ మందు వేయాలో తేల్చుకోవచ్చు. చెత్తలోని సూది ఎవరిదో ఎవరికీ తెలియదు. కింద ఉన్నవాళ్లకు పోటు వస్తుంది, ఆ పోటు గురించి సమాచారం మాత్రం రాదు.

నేను మాట్లాడిన ఒక అక్క ఒక ఆసుపత్రిలో ఏజెన్సీ కింద పనిచేస్తుంది. మూడేళ్లలో నాలుగుసార్లు గుచ్చుకుందట. ఎవరికైనా చెప్పావా అక్కా అని అడిగితే, "ఎవురికి చెప్పేది నాయనా? ఆసుపత్రోళ్లకు చెప్తే మీ కాంట్రాక్టరుకు చెప్పుకో అంటారు. కాంట్రాక్టరుకు చెప్తే రేపట్నించి రావద్దంటాడు" అంది. టీకా వేశారా అంటే, కరోనాకు వేశారని చెప్పింది. హెపటైటిస్-బి అనే మాట ఆమె అప్పుడే విన్నది.

ఇద్దరు యజమానులు ఉన్నచోట ఒక్కరూ బాధ్యత తీసుకోరు. చట్టం మాత్రం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. చదివి పెట్టుకోండి.

జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016 మార్చి 28న వచ్చాయి. అంతకుముందు 1998 నిబంధనలు ఉండేవి. 2016 నిబంధనల ప్రకారం ఆసుపత్రిని నడిపే వ్యక్తే బాధ్యుడు. "ఆరోగ్య సిబ్బంది" అని రాసి ఊరుకోలేదు, ఈ వ్యర్థాలను ముట్టుకునే ఇతరులను కూడా పక్కనే చేర్చారు. అంటే ఏజెన్సీ మనిషి కూడా వస్తాడు. వీళ్లందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒక్కసారైనా శిక్షణ ఇవ్వాలి. అట్లాగే చేరేటప్పుడూ, ఏటా ఒకసారీ ఆరోగ్య పరీక్షలు చేయించాలి. సరిపడా గ్లౌజులు, బూట్లు ఇవ్వాలి. సూదులు తెల్ల డబ్బాలోకి, పసుపు, ఎరుపు, నీలం వేటికి వాటికి వేరు. ఇవేవీ ఆసుపత్రి దయతో ఇచ్చేవి కావు.

రెండోది హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం ఆరోగ్య సేవలు ఇచ్చే ప్రతి సంస్థా తన దగ్గర పనిచేసే, హెచ్ఐవీ సోకే ప్రమాదం ఉన్న అందరికీ రక్షణ సామగ్రి, దాన్ని వాడే శిక్షణ, పోటు తర్వాత వేసే మందు ఇవ్వాలి. అక్కడ కూడా "పనిచేసే వ్యక్తులు" అనే ఉంది, పర్మినెంట్ ఉద్యోగి అని లేదు.

మూడోది నష్టపరిహారం. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోనే, వృత్తి వల్ల వచ్చే జబ్బుల మూడో షెడ్యూల్లో, ఆసుపత్రి, ల్యాబ్ పనుల వల్ల అంటుకునే రోగాలను చేర్చారు. అంటే ఈ హక్కు కొత్తది కాదు. నిరూపించుకోవడానికి కాగితమే లేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. 2016 నిబంధనల్లో "పెద్ద ప్రమాదం" అంటే ఏమిటో నిర్వచనం ఇచ్చారు. వ్యర్థాల లారీ బోల్తా పడటం లాంటివి అందులో ఉన్నాయి. సూది గుచ్చుకోవడాన్ని అందులోంచి మినహాయించారు. పెద్ద ప్రమాదం జరిగితే 24 గంటల్లో రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. సూదిపోటు లాంటి మిగతా ప్రమాదాలను ఏడాదికోసారి వార్షిక నివేదికలో చెబితే చాలు. ఆ నివేదిక పేరు ఫారం-4. ప్రతి ఏటా జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి పోవాలి. ఆసుపత్రి తన వెబ్‌సైటులో కూడా పెట్టాలి. అందులో ఆ ఏడాది ఎన్ని ప్రమాదాలు జరిగాయి, ఎంతమందికి, ఏం చర్య తీసుకున్నారు అని అడుగుతారు. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎంతమందికి ఇవ్వలేదు అని కూడా అడుగుతారు.

ఆ గడిలో సున్నా కనిపిస్తే సంతోషపడొద్దు. వందలమంది పనిచేసే ఆసుపత్రిలో ఏడాది పొడుగునా ఒక్క సూదీ గుచ్చుకోలేదంటే నమ్మశక్యం కాదు. గుచ్చుకున్నవాళ్లు చెప్పలేదు, లేదా చెప్పినా ఎవరూ రాయలేదు. సున్నా ఉన్నచోట కొత్త డబ్బాలకు డబ్బు రాదు, టీకాలకు ఇండెంట్ పోదు, మందపాటి గ్లౌజులు కొనరు. సమస్యే లేదు కదా మరి!

కాగితం మీద లేకపోవడం అంటే ఏమిటో యానాదులకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టిన తేదీ కాగితం లేక బడిలో, కుల ధ్రువీకరణ లేక హాస్టల్లో, ఆధార్ లేక రేషన్ కొట్టు దగ్గర నిలబడి వెనక్కి వచ్చినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. నెల్లూరులో చీపురు, చెత్తబుట్ట తరతరాలుగా మన చేతుల్లోకే ఎందుకు వచ్చాయో మనకు తెలుసు. పని మనకు ఇచ్చి, ఆ పనిలో తగిలిన దెబ్బను మాత్రం లెక్కలో రాయకపోతే ఊరుకోవాలా?

ఇప్పుడు గుచ్చుకుంటే ఏం చేయాలో చెబుతాను. దీన్ని ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి.

1. పని ఆపి, ఆ చోటును పారే నీళ్లతో, సబ్బుతో కడగాలి. పిండి రక్తం తీయొద్దు. వేలు నోట్లో పెట్టుకోవద్దు. స్పిరిట్, బ్లీచింగ్, సున్నం లాంటివి పూయొద్దు. కంట్లోకి రక్తం చిమ్మితే మంచినీళ్లతో బాగా కడగాలి.

2. వెంటనే డ్యూటీ డాక్టరుకో, స్టాఫ్ నర్సుకో చెప్పాలి. డ్యూటీ అయ్యాక కాదు, రేపు పొద్దున కాదు. హెచ్ఐవీ రాకుండా వేసే మందును 2 గంటల లోపు మొదలుపెడితే మంచిది. ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకూడదు. డాక్టరు అవసరమని చెబితే 28 రోజులు మానకుండా వేసుకోవాలి.

3. సూది ఎవరికి వాడిందో తెలిస్తే చెప్పాలి. తెలియకపోతే అది ఏ వార్డు చెత్తలో దొరికిందో చెప్పాలి. డాక్టరుకు అదీ పనికొస్తుంది.

4. హెపటైటిస్-బి టీకా వేసుకోలేదని తప్పకుండా చెప్పాలి. అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజక్షన్ ఇస్తారు. వీలైతే 24 గంటల్లో, ఆలస్యమైనా 7 రోజుల్లో. దాంతో పాటే టీకా మొదటి డోసు వేస్తారు.

5. అదే రోజు రక్త పరీక్ష చేయించుకోవాలి. చాలామంది "ఈ రోజు చేస్తే ఏం తెలుస్తుంది" అంటారు. ఈ రోజు పరీక్షలో ఏమీ లేదని తేలితేనే, రేపు ఏదైనా బయటపడితే అది పని వల్లే వచ్చిందని చూపించగలం. తర్వాత 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు మళ్లీ చేయించాలి.

6. ఆసుపత్రి రిజిస్టరులో రాయించాలి. తేదీ, టైము, చోటు, ఎట్లా గుచ్చుకుంది. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. రిజిస్టరే లేదంటే తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి.

హెపటైటిస్-సికి టీకా లేదు కానీ, సోకినా మాత్రలతో నయమవుతుంది. చాలామందికి 12 వారాల కోర్సు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. 2018 జూలై 28న మొదలైన ఆ కార్యక్రమంలోనే ఆరోగ్య సిబ్బందికి హెపటైటిస్-బి టీకా వేయడం కూడా ఒక భాగం. చిన్నపిల్లల టీకాల్లో హెపటైటిస్-బిని దేశమంతా చేర్చింది 2011లో. కాబట్టి ఇరవై దాటిన మనకు అది పడిందో లేదో కార్డు చూస్తేనే తెలుస్తుంది. కార్డు లేకపోతే పడలేదనే అనుకుని అడగండి. హెచ్ఐవీ గురించి ఏ సందేహమున్నా 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

2 గంటలు అనడం తేలిక. వాకాడు వైపు సముద్రం ఒడ్డు ఊరి నుంచి రాత్రి పూట నెల్లూరు పెద్దాసుపత్రికి చేరడం ఎంత కష్టమో మనకు తెలుసు. అందుకే మొదటి డోసు మందు 24 గంటలు పనిచేసే ప్రతి ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉండాలని అడగాలి. మిగతా డోసులకు తెల్లారాక జిల్లా కేంద్రానికి పోవచ్చు.

గోడకు అవతల ఉన్నవాళ్లను మరవొద్దు. పాత సామాన్లు ఏరే మనోళ్లకు యజమాని లేడు, రిజిస్టరూ లేదు. వాళ్ల దాకా సూది పోయిందంటే లోపల ఎవరో నిబంధన తప్పారని అర్థం. వాడిన సిరంజిలు బయటికి పోతే ఏమవుతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసాలో చూశాం. సిరంజిలు మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్-బి ప్రబలి పదుల మంది చనిపోయారు. షుగరు ఉన్న ఇళ్లల్లో ఇన్సులిన్ సూదులు కూడా ఇట్లాగే పంచాయతీ చెత్త బండిలోకి వస్తున్నాయి. మీ ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే సూదులన్నీ ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, విడిగా చేతికి ఇచ్చి చెప్పండి.

పోటు పడకుండా చేసే సూదులు లేవా అంటే, ఉన్నాయి. వాడగానే లోపలికి ముడుచుకునేవి, పైన తొడుగు పడేవి వచ్చాయి. అమెరికా 2000లో చట్టం చేసి ఆసుపత్రులతో ఇలాంటివి వాడించింది. యూరప్ దేశాలు 2010లో ఆదేశం తెచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అన్ని దేశాలకూ సురక్షిత సిరంజిల వైపు మారమని చెప్పింది. అక్కడ అవి వచ్చింది నర్సులూ, కార్మిక సంఘాలూ పోట్ల లెక్కలు ముందు పెట్టి అడిగితేనే. లెక్క లేని చోట అడగడానికి ఏమీ ఉండదు.

కాబట్టి మీకు నాలుగు పనులు. మీ కాలనీలో ఆసుపత్రి పనికి పోయేవాళ్ల పేర్లు రాసి, ఎవరికి హెపటైటిస్-బి మూడు డోసులూ పడ్డాయో చూడండి. పడనివాళ్ల పేర్లతో ఆసుపత్రి సూపరింటెండెంటుకు అర్జీ ఇవ్వండి, ఒక్కరి పేరుతో కాకుండా అందరి సంతకాలతో. మీ దగ్గరి ఆసుపత్రి ఫారం-4 వెబ్‌సైటులో ఉందేమో వెతకండి. లేకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు. నాలుగోది, ఈ ఆరు సూచనలను పెద్ద అక్షరాలతో రాసి కాలనీలో అందరికీ కనిపించే చోట అంటించండి. చదవలేని పెద్దవాళ్లకు మీరే చదివి చెప్పండి.

వచ్చే జూన్ 30 నాటి నివేదికలో మన మండలాల ఆసుపత్రుల ఎదురుగా సున్నా కాకుండా నిజమైన అంకె ఉండాలి. ఆ అంకె చూపించి డబ్బా అడుగుదాం, టీకా అడుగుదాం, బూట్లు అడుగుదాం.

జై ఆదివాసీ.